కొలవని జలపాతం

పోయిన ఆదివారం గంగారం గుట్టల కింద జీపు దిగినప్పుడు ఉన్నవి ఇవి: మనుషులం ఐదుగురం, అందరం ఒకే ఆఫీసువాళ్లం; పులిహోర, పెరుగన్నం ఉన్న టిఫిన్ క్యారియర్లు రెండు; టీ పోసిన ఫ్లాస్కు ఒకటి; కెమెరా ఒకటి, అందులో ఇంకా ఎనిమిది బొమ్మలకు సరిపడే ఫిలిం; యాభై అడుగుల టేపు ఒకటి, అది నాది. వానలు వెనుకబట్టి ఇరవై రోజులయింది. రెండు మైళ్లు ఎక్కాక దారి రెండుగా చీలింది. జలపాతం కుడివైపని ఇద్దరు, ఎడమవైపని ఇద్దరు వాదనకు దిగారు. చెట్లలో గాలి హోరుకు నీటి చప్పుడు ఎటునుంచీ తెలియడం లేదు. ఎన్నో ఏళ్ల కిందట వచ్చిన దారి, నాకూ గుర్తు లేదు. నేను బూట్లు, మేజోళ్లు విప్పి, నాచు పట్టిన నల్లబండ మీద నిలబడ్డాను. అరికాళ్లకు చల్లదనం, దాని కింద సన్నటి అదురు. నాలుగడుగులు ఎడమకు వేశాను, అదురు పెరిగింది. "ఎడమకు, అర ఫర్లాంగు" అన్నాను. అర ఫర్లాంగు కంటే ఓ పది గజాలు తక్కువే వచ్చింది. మా డ్రాఫ్ట్స్‌మన్ నవ్వి, "ఈ సబ్జెక్టు ఇంజనీరింగులో ఏ సంవత్సరం చెప్తారండీ?" అని అడిగాడు. సారక్క దగ్గర నేర్చుకున్నానని చెప్పాను. సారక్క ఎవరన్నారు. టీ తాగుతూ సగం చెప్పాను. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మాది జనగామ పక్కన, దేవరుప్పులకు దగ్గరి పల్లె. మా నాయిన దొర గడిలో వెట్టి చేసినవాడు. మా ఊళ్లో సంఘం వచ్చి జెండాలు లేచిన రోజుల్లో నేను హైదరాబాదులో ఓవర్సీరు పరీక్షకు చదువుతున్నాను. పరీక్ష ప్యాసై ఉద్యోగంలో చేరేసరికి రాజ్యం మారింది, ఫైళ్లు మాత్రం మారలేదు. పాత సర్కారులో ఎవరో పెద్దమనిషి ముచ్చటపడి, ఈ గుట్టల్లో చూడదగిన జలపాతాలు ఎన్ని, నడకదారులు ఎట్లా ఉన్నాయి, వేడుకకు వచ్చేవాళ్లకు ఏ నెల అనుకూలం అని ఒక జాబితా తయారు చేయమన్నాడట. ఆ కాగితం రెండేళ్లు బల్లలు మారి మారి చివరికి అందరికంటే చిన్నవాడినైన నా బల్ల మీద ఆగింది. అప్పటికి అడవిలో దళాలున్నాయి, వాటి కోసం వెతికే క్యాంపులున్నాయి. గుట్టల్లోని గూడేలను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క గుడిసెల్లోకి దింపారు. ఆ తరువాత అడవిలో మనిషి కనబడితే రెండే ప్రశ్నలు: దళంవాడా, దళానికి అన్నం పెట్టేవాడా. మూడో ప్రశ్న లేదు. అటువంటి చోట విహారయాత్రల జాబితా ఏమిటని నాకూ అనిపించింది. కాని ఉద్యోగం కొత్త. ఫారంలో గళ్లు అచ్చువేసి ఉన్నాయి. గళ్లు ఖాళీగా కనబడితే నింపాలనిపించే స్వభావం నాది.

జనగామలో రైలెక్కి మానుకోటలో దిగి, అక్కడినుంచి ఎడ్లబండిలో గంగారం చేరాను. నా వెంట జరీబు పట్టడానికి కొమురయ్య వచ్చాడు. జరీబంటే భూమి కొలిచే ఇనుప గొలుసు. కొమురయ్యది రేగొండ, నలభై ఏళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా గొలుసు లాగుతున్నవాడు. దారి చూపడానికి ఊరి మనిషినొకరిని తీసుకోవచ్చని క్యాంపువాళ్లు చీటీ ఇచ్చారు. పట్వారీ పంపిన మనిషి పొద్దున్నే వచ్చి మా ముందు నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. సన్నటి ఒళ్లు, మోకాళ్ల పైకి బిగించి కట్టిన చీర, నోట్లో ఆకువక్క.

కొమురయ్య పెదవి విరిచాడు. "ఒక మొగోడు దొరకలేదా పట్వారికి?"

"దొరికిన మొగోన్నల్ల క్యాంపుకు పట్కపోతున్రు. మిగిలింది నేనే. నడువు," అంది సారక్క.

నా కొలత పరికరాన్ని నిలబెట్టే మూడుకాళ్ల చెక్క స్టాండును చూసి, "గిదేంది, మూడు కాళ్ల కొంగ?" అంటూ ఎత్తి భుజాన వేసుకుంది. ఆ రోజునుంచి మా లెక్కలో అది కొంగే. ఆమె ముందు, నేను వెనుక, గొలుసు మోస్తూ గొణుగుతూ కొమురయ్య ఆఖరున. వెనకటి రోజుల్లో మానుకోట సావుకార్ల కుటుంబాలు కార్తీకంలో స్నానాలకు, వనభోజనాలకు ఈ జలపాతాలకు వచ్చేవట. వాళ్లను ఎక్కించి, వండిపెట్టి, దింపడం ఆమె పని. "ఒక సావుకారి పెండ్లానికి మీద కండ్లు తిరిగినయ్. ఈ ఈపు మీదనే దింపిన," అని చెప్పింది ఒకసారి. "బంగారం ఆమెది, బరువు నాది."

మొదటి జలపాతం దగ్గరే నాకు గుట్ట ఎక్కడం రాదని తేలిపోయింది. బూట్లతో రెండుసార్లు జారాను. సారక్క ఆగి, "అవి ఇప్పు," అంది. ముళ్లన్నాను. "ముల్లు గుచ్చుకుంటె తీసుకోవచ్చు. జారితె ఏం తీసుకుంటవ్?" అంది. విప్పాను. బండమీద నిలబడి కళ్లు మూసుకోమంది. "చెవులల్ల గాలుంటది బిడ్డ, అది చెడగొడ్తది. కాలుతోని ఇను." మొదట ఏమీ తెలియలేదు. తరువాత తెలిసింది. తెలిసినప్పుడు నేను గడియారం చూసుకున్నానని, అది ఎంత సేపట్లో తెలిసిందో రాసుకున్నానని ఆమె ఎంతోసేపు నవ్వింది. ఎక్కేటప్పుడు ఎన్ని ముచ్చట్లయినా చెప్పేది. దిగేటప్పుడు ఒక్క మాట మాట్లాడనిచ్చేది కాదు. కొమురయ్య నోరు తెరిస్తే చాలు, "ఎక్కేటోడు ఎనుకకు పడ్తడు, ఎనుకున్నోడు పట్టుకుంటడు. దిగేటోడు ముందుకు పడ్తడు, లోయల పడ్తడు. మూసుకో," అనేది.

ఫారంలో దారి స్వభావమని ఒక గడి ఉంది. సులభం, మధ్యమం, కష్టం అని మూడు మాటల్లో ఒకటి రాయాలి. రెండో జలపాతం దగ్గర నేను 'సులభం' అని పైకి చదువుతూ రాస్తుంటే ఆమె ఆపింది.

"ఎవలికి సులువు?"

"అందరికి."

"నీకు సులువే. ముసలోల్లకు? సంకల పొల్లగాండ్లున్నోల్లకు? నిండు సూలాలికి?"

"నిండు చూలాలు జలపాతం చూడనీకి ఎందుకొస్తది సారక్కా?"

ఆమె కొంగను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, "ఎవలు ఎందుకొస్తరో నీకేమెరుక," అంది. ఆమె అన్నదాంట్లో న్యాయముందనిపించి ఫారం అంచున గీత కొట్టి కొత్త గడి వేశాను: 'ఎవరికి'. ఏ దారిలో ముసలివాళ్లు ఎక్కడిదాకా వెళ్లగలరు, చంటిబిడ్డతో ఎక్కడ ఆగాలి అని ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. ఆ జాబితాలో పనికొచ్చే సంగతి ఏదైనా ఉంటే అది ఆ గడిలోదే.

ఇక మండల సంగతి చెప్పాలి. ఆకులతో ఉన్న చిన్న కొమ్మను అక్కడ మండ అంటారు. ప్రతి జలపాతం దారి మొదట్లో ఒక చదునైన రాయి ఉంటుంది. గుట్ట ఎక్కేవాళ్లు తలా ఒక మండ విరిచి ఆ రాయి మీద పెట్టి ఎక్కాలి. దిగి వచ్చాక ఎవరి మండ వాళ్లే తీసి పారేయాలి. పొద్దు వాలేసరికి రాయి మీద మండ మిగిలి ఉందంటే పైన ఎవరో ఉండిపోయారని అర్థం. చూసినవాడు ఊళ్లో చెప్పాలి, నలుగురు వెతుక్కుంటూ వెళ్లాలి. పేర్లు లేవు, సంతకాలు లేవు, మనిషికి ఒక మండ. ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఆఫీసులో హాజరు పట్టీ కూడా అంత శుద్ధంగా ఉండదు. సంగతి తెలిసిన రాత్రే కొలతల పుస్తకంలో ఒక పుట నిండా ఆ పద్ధతిని వివరించి, బొమ్మ కూడా గీశాను.

ఆ పుస్తకాన్ని ప్రతి శనివారం క్యాంపులో చూపి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే మరుసటి వారం అడవిలోకి చీటీ ఉండదు. క్యాంపు అధికారి చదువుకున్నవాడు, మాట మెత్తన. మండల పుట దగ్గర ఆగి రెండుసార్లు చదివాడు. పెట్టినవి ఎక్కువ ఉండి, దిగినవాళ్లు తక్కువైతే పైన మనుషులున్నట్టే కదా అని ఉర్దూలో అడిగాడు. అవునన్నాను. చాలా మంచి సంగతి రాశావు, ఇకనుంచి ప్రతి రాయి దగ్గర ఎన్ని మండలున్నాయో లెక్కవేసి రాయి అన్నాడు. నా రాతను ఒక అధికారి మెచ్చుకోవడం అదే మొదటిసారి. సంతోషంగా బయటకు వచ్చాను. బయట బండి దగ్గర కూర్చున్న సారక్కకు ఈ సంగతి చెప్పాలని కూడా తోచలేదు. ఇందులో ఇంకెవరి దోషమూ లేదు. తప్పు నాది.

ఆర్డరులో పేరున్న ఏడు జలపాతాల్లో ఒక్కటి మిగిలింది. దాని మాట ఎత్తినప్పుడల్లా సారక్క ఏదో ఒకటి చెప్పేది. మొదటిరోజు, "అది జలపాతం కాదు బిడ్డ, బర్రె ఉచ్చ," అంది. రెండోరోజు అటు ఎలుగుబంటి తిరుగుతోందంది. మూడోరోజు మోకాలు నొప్పంది. మూడు కారణాలూ మూడు రకాలని గమనించాను గాని, అలసిపోయిందనుకున్నాను.

"ఆర్డర్ల పేరున్నది సారక్కా. గడి ఖాళీగ ఉంచితె మల్ల పంపుతరు. నేను గాకపోతె ఇంకొగడొస్తడు."

ఆమె కొంగను భుజానికెత్తుకుని, "ఇంకొగని కంటె నువ్వే నయం. పా," అంది.

ఆ రోజు ఎక్కే దారి మొదలయ్యేదాకా ఆమె ఒక్క ముచ్చట చెప్పలేదు. రాయి కనబడగానే నాలుగంగల్లో ముందుకు వెళ్లి దానికి అడ్డంగా కూర్చుని, కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

"ముల్లిరిగింది. మీరు నడుస్తుండున్రి, నేనొస్త."

"ఏది, చూపియ్."

"నువ్వేమన్న డాక్టరువా?"

"కాదుగని జర జరుగు. మండలు లెక్కవెట్టాలె."

ఆమె జరగలేదు. నేను పక్కనుంచి వంగి లెక్కపెట్టాను. అప్పటికే ఆరున్నాయి. ఆకులు వాడి, రంగు తిరిగి ఉన్నాయి, అంటే పెట్టి చాలా రోజులయింది. మా ముగ్గురివీ పెట్టాం. పుస్తకం తీసి, సిరా కలంతో, 'రాయి మీద మండలు తొమ్మిది' అని రాశాను. మా నిబంధన అది: కొలతల పుస్తకంలో ఎక్కడ చూస్తే అక్కడే, సిరాతోనే రాయాలి, చెరపకూడదు, పుటలకు నంబర్లుంటాయి, చింపకూడదు.

"ఏం రాసినవ్?" అంది సారక్క.

"తొమ్మిది అని."

"ఎవలు సదువుతరు దాన్ని?"

"శనివారం క్యాంపు సాబ్."

"తొమ్మిది మండలంటె ఆయనకేమెరుక?"

అప్పుడు చెప్పాను. వారం కిందట ఒక పుట నిండా రాసి, బొమ్మ గీసి, నేనే ఆయనకు నేర్పానని చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒళ్లో పెట్టుకున్న కాలు నెమ్మదిగా కింద పెట్టింది. ముల్లు లేదు.

"మీద నా బిడ్డ ఉన్నది," అంది.

గూడెం ఖాళీ చేయించిన రోజున కూతురు రాజవ్వకు నెలలు నిండి ఉన్నాయట. రోడ్డుదాకా నడవలేక, పక్కనే ఉన్న ఈ గుట్ట ఎక్కేశారు: రాజవ్వ, ఆమె భర్త, అత్తమామలు, పక్కింటి ఆలుమగలు. పైన కాన్పయి తొమ్మిదో రోజు. ఇక వాళ్లు దిగలేరు. కాగితం లేకుండా అడవిలోంచి బయటపడిన మగవాడికి ఆ రోజుల్లో ఏమయ్యేదో కొమురయ్యకూ తెలుసు, నాకూ తెలుసు.

"దాక్కునేటోల్లు మండలెందుకు పెట్టిన్రు సారక్కా?" అన్నాను. నిజంగా అర్థం కాక అడిగాను.

"పెట్టకుంట ఎట్ల ఎక్కుతరు? మీద జారిపడితె ఎవలకెరుక? వాల్లు దాక్కున్నది క్యాంపుకు, గుట్టకు కాదు."

కొమురయ్య గొలుసు కింద పడేశాడు. "సాబ్, ఆ ఆరు తీసి అవతల పారేద్దాం. రాత తప్పయిందని చెప్పున్రి. నాకు ముగ్గురు పిల్లలున్నరు."

"వాల్లను మోసింది నీ పెండ్లాం. నువ్వు మోసింది జరీబే," అంది సారక్క. "మనిషి మీద ఉండంగ మండ తీస్తె ఆ మనిషి లేనట్టు. నా బిడ్డ మండ నా చేత్తోని తియ్య. నిన్ను తియ్యనియ్య."

ఏం చేయాలో తోచక పైకే ఎక్కాం. నేను దారి పొడుగునా ఆలోచిస్తున్నాను. పుట చింపితే నంబరు పట్టిస్తుంది. కొట్టివేస్తే కొట్టివేత పట్టిస్తుంది. తొమ్మిది అని రాశాను, అది నిజం. నిజాన్ని మార్చడానికి వీల్లేదు. మరి ఆ నిజానికి సరిపోయేదేదో ఉండాలి. లెక్క రెండువైపులా సమానం కావాలి, అంతే. ఎక్కడం సగమయ్యాక నాకది తట్టింది. పరీక్షలో కష్టమైన లెక్క తేలినప్పుడు వచ్చే ధైర్యం వచ్చింది. శనివారం ఇచ్చిన అడవి చీటీలో 'ఓవర్సీరు, అవసరమైన కూలీలు' అని మాత్రమే ఉంది. ఎందరో లేదు.

జలపాతం గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను: బర్రె ఉచ్చ కాదు. నీటి వెనుక బండ లోపలికి వంగి ఉంది, ఆ నీడలో ఆరుగురు మనుషులు, రాజవ్వ ఒళ్లో బిడ్డ. నన్ను చూడగానే అల్లుడు గొడ్డలి అందుకున్నాడు. సారక్క వాడి చేతి మీద ఒక్కటి వేసి, "మనోడే," అంది. నేను హాజరు పట్టీ తెరిచి పేర్లు చెప్పమన్నాను. రాజవ్వ మామ, అందరిలో పెద్దాయన, అడ్డం తిరిగాడు.

"పేర్లు రాస్తె పట్కపోతరు."

"రాయకపోతెనే పట్కపోతరు తాతా," అన్నాను. "ఇయ్యాల్టి సంది మీరు నా కూలీలు. గుట్ట ఎక్కినోల్లు తొమ్మిది మంది. నా మనుషులు తొమ్మిది మంది. మనకు ఇంకా పనున్నది, భూపాలపల్లి దిక్కు. పట్టపగలే క్యాంపు ముందటినుంచి పోతం."

ఆయన సారక్క వైపు చూశాడు. సారక్క నా వైపు చూసింది. "ఈ పిలగానికి లెక్క తప్పితె అన్నం సయించదు. రాయియ్యి," అంది. ఆరు పేర్లూ రాసుకున్నాను. సామాను పంచాను: గొలుసు కొమురయ్యకు, కొలత గుర్తుకు పాతే జెండాకర్రలు ఆడవాళ్లకు, కొంగ అల్లుడికి. క్యాంపులో ఎవరైనా పరీక్షిస్తే మొదట వాడినే పరీక్షిస్తారు. అందుకని గంటసేపు వాడికి కొంగను నిలబెట్టడం నేర్పాను. వాలు నేల మీద రెండు కాళ్లు పల్లానికి, ఒక కాలు ఎత్తుకు. మొదట కాళ్లు తొక్కాలి, తరువాత మరలు బిగించాలి. నాలుగుసార్లు పడేశాడు. ఐదోసారి నిలబెట్టాడు.

కొంగ నిలబడే ఉంది కనుక దాని మీద పరికరం పెట్టాను. జలపాతం తల స్పష్టంగా కనబడుతోంది, అడుగూ కనబడుతోంది. రెండు కోణాలు, ఒక దూరం చాలు. పది నిమిషాల పని. సారక్క వచ్చి పక్కన నిలబడింది.

"కొలవకుంటె ఏమైతది?"

"కొలత లేని జలపాతాన్ని జాబితాల చేర్చరాదని రూలున్నది."

"చేర్చకపోతె?"

"ఆర్డర్ల పేరు గూడ కొట్టేస్తరు. ఇది ఉన్నట్టు ఎవలకు తెల్వది. సర్కారు దారి వెయ్యది, బంగళా కట్టది. చూడనీకి ఎవలు రారు."

"అయితె కొలవకు," అంది. కొంగ మీద చెయ్యి వేసి మళ్లీ అంది, "గిది తప్ప అన్నీ చూపిచ్చిన గదా బిడ్డ. ఇదొక్కటి మాకుండనీ. ఇయ్యాల నా బిడ్డకు అక్కరవడ్డది. రేపు ఇంకెవలి బిడ్డకో."

నేను కొలవలేకపోయిన వస్తువులు నా జీవితంలో కొన్ని ఉన్నాయి. అన్నీ సిద్ధంగా ఉండి, చేతిలో పరికరం ఉండి, కొలవకుండా వదిలింది అదొక్కటే. పరికరం పెట్టెలో పెట్టేశాను. ఆ పుటలో తొమ్మిది మండల కింద, 'పార్టీ తొమ్మిది మంది. కొలత తీయలేదు' అని రాశాను. రెండూ నిజాలే.

దిగేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పిల్ల కూడా ఏడవలేదు. రాయి దగ్గర ఒక్కొక్కరూ తమ మండ తీసి పారేశారు. వాడిపోయినవి ఆరు, పచ్చివి మూడు. రాజవ్వ తన మండ తీశాక బిడ్డను చూసుకుని, "దీనిదేదమ్మా?" అని తల్లిని అడిగింది.

"దానికి మండెక్కడిది? అది ఎక్కలే, దిగింది," అంది సారక్క. ఆ రోజంతటిలో ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

క్యాంపు ముందు జవాను ఆపాడు. అధికారి బయటకు వచ్చాడు. పుస్తకం అడిగాడు, ఆ పుట తీశాడు. తొమ్మిది మండలు, పార్టీ తొమ్మిది. హాజరు పట్టీతో సరిచూశాడు. పోయిన వారం మీరు ముగ్గురే కదా అన్నాడు. భూపాలపల్లి వైపు పని ఎక్కువ, మూడు రోజుల నడక, సామాను మోయాలన్నాను. ఆయన వరుసగా అందరినీ చూసి, నేననుకున్నట్టే, అల్లుడి దగ్గర ఆగాడు. ఆ స్టాండు నిలబెట్టు అన్నాడు. అక్కడి నేల వాలుగా ఉంది. అల్లుడు రెండు కాళ్లు పల్లానికి, ఒకటి ఎత్తుకు పెట్టి, తొక్కి, మరలు బిగించి పక్కకు జరిగాడు. కొంగ కదలకుండా నిలబడింది. అధికారి దాన్ని వేలితో ఒకసారి తోసి చూశాడు.

సరిగ్గా అప్పుడే రాజవ్వ నెత్తిమీది గంపలో, జెండాగుడ్డల కింద, పిల్ల కేరుమంది.

ఆయన నావైపు తిరిగి, పది, అన్నాడు. నీ లెక్క తప్పు, ఓవర్సీర్.

సారక్క ముందుకు వచ్చింది. "ఏంది సాబ్, సంటిదానికి గూడ హాజరెయ్యాల్నా? అది పని చెయ్యదు, పాలు తాగుతది. వేస్తె వెయ్యున్రి, దాని పేరు గూడ రాయున్రి." నేను ఆ మాటలను ఉన్నదున్నట్టు ఉర్దూలోకి మార్చి చెప్పాను. వెనుక జవాను ముందుగా నవ్వాడు. అధికారి నవ్వలేదు. గంప వైపు, నా వైపు, మళ్లీ పుస్తకం వైపు చూశాడు. ఆయనకు ఎంత అర్థమయిందో నేను ఇప్పటికీ చెప్పలేను. ముద్ర వేసి పుస్తకం చేతికిచ్చి, ఎండ ముదరకముందే నడవండి అన్నాడు.

మూడు రోజులు నడిచాం. ఆ ఆరుగురూ నిజంగానే మోశారు. ఆ హాజరు పట్టీలో అబద్ధం లేదు. దారిలో సారక్క నన్ను ఒకటే అడిగింది. "మీ జనగామల అందరు జెండాలెత్తిన్రట. నువ్వేం ఎత్తలేదా?" లేదన్నాను. పరీక్ష ఉండిందన్నాను. "జెండాకర్రలన్న మోపిచ్చినవ్ తియ్," అంది. రేగొండలో కొమురయ్య తన పొలం దగ్గరి కొట్టంలో వాళ్లను ఉంచాడు. ముగ్గురు పిల్లలున్నారని భయపడ్డ మనిషి, మరో ఏడుగురిని ఏడాదిపాటు చూసుకున్నాడు. సారక్క మాత్రం మూడోనాడు గంగారం వెళ్లిపోతానంది. తను లేకపోతే అక్కడివాళ్లకు దారి ఎవరు చూపుతారంది. నేను చెప్పులు కొనిస్తానంటే, "నా కాళ్లకు చెవుడు రావాల్నా?" అంది. అదే నాతో ఆమె చివరి మాట. రెండేళ్ల కిందట చలిజ్వరంతో పోయిందని కొమురయ్య రాయించిన కార్డులో చదివాను.

ఇప్పుడు నా కింద నలుగురు సర్వేయర్లున్నారు. వాళ్లు తెచ్చిన పుస్తకంలో ప్రతి అంకె దగ్గరా నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఇది సరైనదేనా అన్నది మొదటిది, అది బడిలో నేర్చుకున్నాను. దీన్ని ఎవరు చదువుతారు అన్నది రెండోది. మొదట్లో వాళ్లకు అది వింతగా ఉంటుంది, తరువాత అలవాటవుతుంది. దారి సులభమని రాసి తెస్తే ఎవరికని అడిగి వెనక్కి పంపుతాను.

జలపాతాల జాబితాను ఆ ఏడాది చివర్లోనే పై ఆఫీసుకు పంపాను. నా రాతపనిలో ఎవరూ తప్పు పట్టలేదు. విహారానికి వెళ్లదలచినవారు ఇప్పటికీ దాని నకలు అడిగి తీసుకోవచ్చు. దూరాలు, ఎత్తులు, నీళ్లుండే నెలలు, ఎవరు ఎంతదాకా ఎక్కవచ్చో అన్నీ ఉన్నాయి. పోయిన ఆదివారం మేం చూసిందీ అందులోదే. అందులోని జలపాతాలు ఆరు.